పొగ గొట్టం లావైతే బండికి బలం పెరుగుతుందా?



మన హాస్టలు గేటు ముందు నుంచి రోజూ ఎన్నో బండ్లు పోతుంటాయి. జీపులు, ఆటోలు, వ్యాన్లు, మోటారు సైకిళ్లు. చప్పుడు విని ఏ బండి ఎవరిదో చెప్పేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కాని ఆ చప్పుడు బయటికొచ్చే గొట్టం గురించి మాత్రం మనం ఎక్కువ ఆలోచించం. ఇంజను అంటే పిస్టను, గేర్లు, క్లచ్చి అని చెప్తాం. వెనకాల వేలాడే పొగ గొట్టం సంగతి ఎవరూ ఎత్తరు. పొగ పోవడానికి అదొక దారి, అంతే కదా అనుకుంటాం.

మనవాళ్లలో ఒక నమ్మకం కూడా ఉంది. గొట్టం ఎంత లావుంటే బండికి అంత బలం అని. ఇది సగం నిజం, సగం అబద్ధం. ఏ సగం నిజమో, ఏ సగం అబద్ధమో ఈ వ్యాసంలో వివరిస్తాను. క్లాసులో ఫిజిక్సు మాష్టారు చెప్పినవి, పుస్తకాల్లో చదివినవి, వేసవి సెలవుల్లో ఒక మెకానిక్ షెడ్డు దగ్గర కూర్చుని కళ్లారా చూసినవి కలిపి రాస్తున్నాను. 8వ తరగతి తమ్ముళ్లకి లెక్కలు కష్టమనిపిస్తే ఆ భాగం వదిలేసి ముందుకు చదవండి, విషయం అర్థమవుతుంది.

ఇంజను ఊపిరి

పెట్రోలు కారు ఇంజను నాలుగు పనులు చేస్తుంది. మొదటిది గాలి, పెట్రోలు పీల్చుకోవడం. రెండోది దాన్ని నొక్కడం. మూడోది మండించడం. నాలుగోది కాలిన పొగను బయటికి నెట్టడం. ఈ నాలుగూ అయ్యేసరికి ఇంజను రెండు చుట్లు తిరుగుతుంది. నాలుగింటిలో బలం వచ్చేది మూడోదాంట్లో మాత్రమే. మిగతా మూడూ ఖర్చే.

ఇక్కడ ముఖ్యమైన మాట ఒకటి. పాత పొగ పూర్తిగా బయటికి పోకపోతే కొత్త గాలికి చోటుండదు. మన భోజనశాల సంగతే చూడండి. తిన్నవాళ్లు లేచి బయటికి పోతేనే వరండాలో ఉన్న రెండో బ్యాచి లోపలికి రాగలదు. తిన్నవాళ్లు గుమ్మం దగ్గర ఆగిపోతే ఇద్దరికీ ఇబ్బందే. ఇంజనులో కూడా అంతే. కాబట్టి ఇంజను బలం ఎంత బాగా పీలుస్తుందన్న దాని మీద ఎంత ఉంటుందో, ఎంత బాగా వదులుతుందన్న దాని మీద కూడా అంత ఉంటుంది.

పొగను నెట్టే పని పిస్టను ఒక్కటే చేయదు. పిస్టను అడుక్కి చేరకముందే పొగ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటికి లోపల ఒత్తిడి ఇంకా చాలా ఉంటుంది. సోడా సీసా మూత తీసినట్టు పొగ ఒక్కసారిగా బయటికి దూకుతుంది. మిగిలిందాన్ని పిస్టను పైకి వస్తూ నెడుతుంది. అలా నెట్టేటప్పుడు గొట్టం ఇరుకైతే పిస్టను ఎక్కువ కష్టపడాలి. ఆ కష్టం చక్రాలకు పోవలసిన బలంలోంచే తగ్గుతుంది.

ఇంతవరకు చూస్తే లావు గొట్టమే మంచిదనిపిస్తుంది. ఆ సగం నిజం ఇదే.

ఊదుగొట్టం చెప్పే పాఠం

ఇంటి దగ్గర పొయ్యి ఊదే గొట్టం అందరికీ తెలుసు. సన్నటి గొట్టంతో ఊదితే గాలి జోరుగా పోయి నిప్పు రాజుకుంటుంది. కాని మరీ సన్నదైతే మన బుగ్గలు నొప్పెడతాయి, ఊపిరి అందదు. పోనీ అని లావు వెదురు బొంగు తెచ్చి ఊదితే ఏమవుతుంది? ఊపిరి సులువుగానే పోతుంది, కాని నిప్పు దగ్గరికి చేరేసరికి దాంట్లో జోరు ఉండదు.

ఇంజను గొట్టంలో కూడా ఈ రెండూ కలిసే ఉంటాయి. ఇరుకైతే అడ్డు పెరుగుతుంది. లావైతే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే నష్టమేంటి, పొగ ఎలాగూ పోతుంది కదా అని మీరు అడగొచ్చు. ఇక్కడే రెండో సగం మొదలవుతుంది.

కదిలే వస్తువు అలాగే కదలాలని చూస్తుందని న్యూటన్ సూత్రంలో చదువుకున్నాం. పొగకు కూడా బరువుంది. గొట్టంలో జోరుగా పరుగెత్తే పొగ ముందుకు పోతూ తన వెనక కొంచెం ఖాళీ చేస్తుంది. ఆ ఖాళీ సిలిండరులో మిగిలిన పొగను లాగుతుంది. నాలుగో పని ముగిసే సమయంలో పొగ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోకముందే గాలి వాల్వు తెరుచుకుంటుంది. ఆ చిన్న క్షణంలో రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. పరుగెత్తే పొగ లాగడం వల్ల మిగిలిన పొగ పోవడమే కాదు, కొత్త గాలి కూడా లోపలికి త్వరగా వస్తుంది. అంటే వెళ్లేవాడు వచ్చేవాడి చెయ్యి పట్టుకుని లోపలికి లాగినట్టు. గొట్టం మరీ లావైతే పొగ నెమ్మదిస్తుంది, ఈ లాగుడు ఉండదు.

కొంచెం లెక్క

మారుతీ 800 కారు, మారుతీ ఓమ్ని వ్యాను మనందరం చూసినవే. మారుతీ 800 మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఓమ్ని తయారీ 2019లో ఆగింది. రెండింటిలోనూ ఉన్నది మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజనే. దాంతో లెక్క వేద్దాం.

ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతోంది అనుకోండి. రెండు చుట్లకోసారి పీలుస్తుంది కాబట్టి 2500 సార్లు. 796ని 2500తో గుణిస్తే నిమిషానికి 1990 లీటర్లు. 60తో భాగిస్తే సెకనుకి సుమారు 33 లీటర్ల గాలి. నిజానికి సిలిండరు పూర్తిగా నిండదు, కొంచెం తక్కువే. లెక్క సులువు కోసం నిండుతుందనే అనుకుందాం.

ఇప్పుడు ఛార్లెస్ నియమం గుర్తు తెచ్చుకోండి. వేడెక్కితే వాయువు వ్యాకోచిస్తుంది. లోపలికి వచ్చిన గాలి 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. బయటికి పోయే పొగ 627 డిగ్రీలు అనుకుంటే 900 కెల్విన్. మూడు రెట్లు. కాబట్టి 33 లీటర్లుగా లోపలికి వెళ్లింది సుమారు 100 లీటర్లుగా బయటికి వస్తుంది. సెకనుకి 100 లీటర్లంటే మనం నీళ్లు పట్టే 200 లీటర్ల డ్రమ్ము రెండు సెకన్లలో నిండిపోతుంది. అంత చిన్న ఇంజను అంత పొగ వదులుతుందంటే మొదట నేను కూడా నమ్మలేదు.

ఈ 100 లీటర్లు లోపలి వ్యాసం 32 మి.మీ. ఉన్న గొట్టంలోంచి పోవాలంటే ఎంత వేగం కావాలి? గొట్టం నోటి వైశాల్యం సుమారు 8 చదరపు సెంటీమీటర్లు. లక్ష ఘన సెంటీమీటర్లను 8తో భాగిస్తే 12,500. అంటే సెకనుకి 125 మీటర్లు. గంటకి 450 కిలోమీటర్లు! అదే గొట్టం 50 మి.మీ. అయితే నోటి వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు, వేగం సెకనుకి 51 మీటర్లే.

ఇంజను 2500 చుట్లే తిరిగేటప్పుడు ఇవి సగమవుతాయి. సన్న గొట్టంలో 62 మీటర్లు, లావు గొట్టంలో 25 మీటర్లు. ఈ 25 మీటర్ల వేగానికి లాగే శక్తి చాలా తక్కువ.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒకే మొత్తం పొగ పోతున్నప్పుడు, గొట్టం గోడల రాపిడి వల్ల పోయే ఒత్తిడి వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. వినడానికి కష్టంగా ఉన్నా అర్థం సులువు. 32 మి.మీ. గొట్టాన్ని 40 మి.మీ. చేస్తే వ్యాసం 1.25 రెట్లు పెరిగింది. 1.25ని ఐదుసార్లు వేసి గుణిస్తే సుమారు 3. అంటే రాపిడి మూడో వంతుకి పడిపోయింది. ఇరుకుగా ఉన్నదాన్ని ఒక్క మెట్టు పెంచితేనే అడ్డు చాలావరకు పోతుంది. ఆ తరువాత ఇంకా ఇంకా పెంచినా మిగిలిన అడ్డే కొంచెం కాబట్టి లాభం కొంచెమే. వేగం మాత్రం పోతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక చిత్రం చెప్తాను. పొగ ఇంజను దగ్గర ఎర్రగా కాలే వేడిలో ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ చల్లారుతుంది, చల్లారితే కుంచించుకుపోతుంది. కాబట్టి ముందు ఉన్నంత చోటు వెనకాల అక్కర్లేదు. కొందరు బండి చివర మాత్రం మెరిసే పెద్ద మూతి తగిలిస్తారు. అది చూపుకే గాని బలానికి పనికిరాదు. నీళ్ల పైపు మధ్యలో ఇరుకుగా ఉంచి చివర గరాటు తగిలిస్తే నీళ్లు ఎక్కువ వస్తాయా?

గొట్టంలో ప్రతిధ్వని

కొండ ఎదుట నిలబడి కేక వేస్తే కేక తిరిగి వస్తుంది. గొట్టంలో కూడా అలాంటిదే జరుగుతుంది. వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ ఒక ఒత్తిడి కెరటం గొట్టంలో పరుగెత్తుతుంది. ఇది పొగ కదలిక కంటే వేరు. పొగ ఒక వేగంతో పోతుంటే, కెరటం శబ్ద వేగంతో పోతుంది. మామూలు గాలిలో శబ్ద వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. వేడి పొగలో ఇంకా ఎక్కువ, 500 మీటర్లు దాటుతుంది.

ఆ కెరటం గొట్టం తెరిచి ఉన్న చివరకో, గొట్టం ఒక్కసారి వెడల్పయ్యే చోటుకో చేరితే వెనక్కి తిరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం తలకిందులవుతుంది. నెట్టే కెరటంగా పోయింది లాగే కెరటంగా వస్తుంది. పిల్లనగ్రోవి మోగేది కూడా ఇలా కెరటాలు అటూ ఇటూ తిరగడం వల్లనే. ఆ లాగే కెరటం సరిగ్గా రెండు వాల్వులూ తెరిచి ఉన్న క్షణంలో సిలిండరు దగ్గరికి చేరితే మిగిలిన పొగను ఊడ్చి పారేస్తుంది. ముందొచ్చినా వెనకొచ్చినా అంత ఉపయోగం లేదు.

కెరటం ఎప్పుడు వస్తుందనేది గొట్టం పొడవు నిర్ణయిస్తుంది. మీటరు గొట్టంలో పోయి రావడానికి 2 మీటర్లు, సుమారు 4 మిల్లీ సెకన్లు. ఇంజను 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక చుట్టుకి 20 మిల్లీ సెకన్లు పడుతుంది. 4 మిల్లీ సెకన్లలో చుట్టులో ఐదో వంతు తిరుగుతుంది. అదే 6000 చుట్లయితే ఐదింట రెండు వంతులు తిరిగిపోతుంది. కాబట్టి ఒక గొట్టం అన్ని వేగాలకీ సరిపోదు. ఒక వేగం దగ్గర బాగా పనిచేసేది ఇంకో వేగం దగ్గర చేయదు.

అందుకే కారు తయారుచేసేవాళ్లు ముందు ఒక ప్రశ్న వేసుకుంటారు. ఈ బండి ఎలాంటి పనికి? పందెం కారైతే ఎప్పుడూ ఎక్కువ చుట్ల మీదే తిరుగుతుంది, దానికి లావు గొట్టాలు, పొట్టి గొట్టాలు. మనుషుల్ని, బస్తాల్ని మోసే బండైతే తక్కువ చుట్లలో బలం కావాలి, దానికి సన్నటి, పొడవైన గొట్టాలు. 1980ల చివరలో జపానుకు చెందిన యమహా కంపెనీ కొన్ని మోటారు సైకిళ్ల పొగ గొట్టంలో ఒక చిన్న తలుపు పెట్టింది. తక్కువ చుట్లలో తలుపు సగం మూసి దారి సన్నం చేస్తుంది. ఎక్కువ చుట్లలో పూర్తిగా తెరుస్తుంది. ఒకే గొట్టాన్ని రెండు గొట్టాలుగా వాడుకోవడం అన్నమాట.

"వెనక ఒత్తిడి ఉండాలి" అన్నమాట

షెడ్లలో తరచూ ఒక మాట వినిపిస్తుంది. ఇంజనుకి వెనక నుంచి కొంచెం ఒత్తిడి ఉండాలి, లేకపోతే బలం పోతుంది అని. మామూలు కారు ఇంజనుకి వెనక ఒత్తిడి బలం ఇవ్వదు. ఎప్పుడూ అడ్డే. కావలసింది ఒత్తిడి కాదు, పొగ వేగం. సన్న గొట్టంలో వేగం, ఒత్తిడి రెండూ కలిసి ఉంటాయి కాబట్టి చూసేవాళ్లు ఒకదాన్ని ఇంకోటి అనుకున్నారు.

ఆ మాట పుట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాత కార్లలో పెట్రోలు, గాలి కలిపేది కార్బురేటరు. సైలెన్సరు తీసేస్తే గాలి పోక, రాక మారిపోతుంది. కార్బురేటరు జెట్టు మాత్రం పాతదే. కొన్నిసార్లు గాలికి తగ్గ పెట్రోలు అందదు. అప్పుడు ఇంజను తడబడుతుంది, టపటప పేలుతుంది, వేడెక్కుతుంది. వెనక ఒత్తిడి పోయింది కాబట్టి ఇలా అయిందని జనం అనుకున్నారు. అసలు సంగతి పెట్రోలు పాళ్లు తప్పడం. ఇప్పటి కార్లలో పొగలో ఆక్సిజను ఎంత మిగిలిందో కొలిచే సెన్సరు గొట్టంలోనే ఉంటుంది. దాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలు సరిచేస్తుంది. ఆ సెన్సరు ఉన్న చోట గొట్టం కోసి అతికితే ఆ కొలత కూడా తప్పుతుంది.

మా బావ వ్యాను సంగతి

ఇదంతా చదువుకోవలసి రావడానికి కారణం మా బావ. ఆయనకి పాత ఓమ్ని వ్యాను ఉంది. సంతకి మనుషుల్ని తీసుకెళ్తాడు. రాత్రిపూట ఎవరికైనా బాగోకపోతే పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లేది కూడా ఆ వ్యానే. ఈమధ్య ఘాట్ ఎక్కేటప్పుడు వ్యాను లాగడం లేదు. మైదానంలో ఒక షాపువాళ్లు, సైలెన్సరు తీసేసి రెండంగుళాల గొట్టం వేస్తే కొండ ఎగిరి ఎక్కుతుందని చెప్పారు. బావ కాఫీ గింజలు అమ్మిన డబ్బు దానికి పెట్టేద్దామనుకున్నాడు. "ఒరే, నువ్వు చదువుకుంటున్నావు కదా, చెప్పరా, వేయించనా వద్దా?" అని నన్ను అడిగాడు.

పైన రాసిన లెక్కే బావకి వేసి చూపించాను. ఆ ఇంజను గరిష్ఠ శక్తి సుమారు 5000 చుట్ల దగ్గర వస్తుంది. లాగే బలం ఎక్కువగా ఉండేది సుమారు 2500 చుట్ల దగ్గర. నిండా మనుషులతో, రెండో గేరులో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజనుకి కావలసింది ఆ 2500 చుట్ల దగ్గర బలమే. లావు గొట్టం వేస్తే ఏదైనా లాభం ఉంటే అది 5000 దగ్గర. నష్టం ఉండేది సరిగ్గా మనకి బలం కావలసిన చోట. పైగా పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో గాలి సుమారు పదో వంతు పలచబడుతుంది. పైకి ఎక్కేకొద్దీ ఇంజనుకి అసలే గాలి తక్కువ. ఉన్న బలాన్ని కూడా పోగొట్టుకోవడం ఎందుకు?

"అయితే ముందు లాగిన బండి ఇప్పుడెందుకు లాగడం లేదు?" అన్నాడు బావ. మంచి ప్రశ్న. గొట్టం సైజు మొదటి నుంచీ అంతే కదా. మారింది ఇంకేదో అయ్యుండాలి. మర్నాడు షెడ్డులో మేస్త్రి వ్యానుని గుంట మీద పెట్టి చూశాడు. నాలుగు సంగతులు బయటపడ్డాయి. రాయి తగిలి గొట్టం ఒకచోట సగానికి నొక్కుకుపోయింది. సైలెన్సరు ముందు తుప్పు పట్టి చిల్లు పడింది. ఇంజను దగ్గర గ్యాస్కెట్ కాలిపోయి చుట్టూ నల్లటి మసి పట్టింది. గాలి ఫిల్టరు నిండా ఎర్రదుమ్ము.

కంపెనీ సైజు గొట్టమే కొత్తది వేయించాం. గ్యాస్కెట్, ఫిల్టరు మార్చాం. వ్యాను మునుపటిలాగే లాగుతోంది. మిగిలిన డబ్బుతో బావ ముందు టైర్లు రెండూ మార్చాడు. ఘాట్ రోడ్డులో ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం, దానికి టైర్లు, బ్రేకులు ముఖ్యం.

గొట్టం వంచడం గురించి కూడా మేస్త్రి ఒక మాట చెప్పాడు. ఊరికే వంచితే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోయి లోపల దారి ఇరుకవుతుంది. లావు గొట్టం కొన్నా వంపు దగ్గర సన్న గొట్టమే మిగులుతుంది. అందుకని పాత మేస్త్రులు గొట్టం నిండా పొడి ఇసుక కూరి, రెండు చివరలూ బిగించి, వేడిచేసి వంచేవారట. ఇసుక లోపల ఉంటే గోడ కుంగదు.

చప్పుడు కాదు, ప్రాణం

సైలెన్సరు పని చప్పుడు తగ్గించడమే కాదు. అది, గొట్టం కలిసి పొగను బండి వెనకదాకా మోసుకెళ్లి మనుషులకు దూరంగా వదులుతాయి. గొట్టం మధ్యలో కోసేసినా, చిల్లు పడినా పొగ బండి కిందే తిరుగుతుంది. నేలలో చిన్న చిల్లున్నా లోపలికి వస్తుంది.

పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజను కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే ఒకంతట వదలదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, నిద్ర ముంచుకురావడం దాని గుర్తులు. ఘాట్ మలుపుల వల్ల అనుకుని ఊరుకుంటాం. ముఖ్యంగా వెనక తలుపు తెరిచి సామాను కట్టుకుని పోయే వ్యాన్లలో బయటి పొగ వెనక నుంచి లోపలికి లాక్కోబడుతుంది. కిటికీలన్నీ మూసి ఇంజను నడుస్తుండగా బండిలో పడుకోవడం ఇంకా ప్రమాదం. ఎవరికైనా అలా అయితే వెంటనే బండి ఆపి, ఆ మనిషిని గాలిలోకి తీసుకెళ్లి, 108కి ఫోను చేయాలి.

1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కాటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి చేశారు. తరువాత అన్ని చోట్లా వచ్చింది. అది విషవాయువును చాలావరకు కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. గొట్టం మార్చేటప్పుడు కొందరు దాన్ని కూడా పీకేస్తారు. అది పీకితే ఆ విషం అలాగే మన ముక్కుల్లోకి వస్తుంది.

చట్టం కూడా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ప్రకారం ప్రతి బండికీ సైలెన్సరు ఉండాలి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం చప్పుడు, పొగ ప్రమాణాలు మీరితే శిక్ష. 2019 సవరణ తరువాత మూడు నెలల దాకా జైలు గాని, 10,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని వేయవచ్చు.

అన్ని ఇంజన్లూ ఒకటి కావు

రెండు తేడాలు చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది.

ఒకటి, టర్బో ఇంజన్లు. ఇప్పటి బొలేరో లాంటి డీజిలు బండ్లలో పొగ ముందు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి గాలిని తోస్తుంది. చక్రం దాటాక పొగలో కెరటాల జోరు చాలావరకు పోతుంది. కాబట్టి చక్రం తరువాత గొట్టం కొంచెం లావుంటే మేలే, లాగుడు పోతుందన్న బెంగ లేదు. జీపువాళ్ల సలహా వ్యానువాళ్లకి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

రెండు, టూ స్ట్రోకు బండ్లు. పాత యమహా ఆర్.ఎక్స్. 100 లాంటివి. వాటిలో కొత్త పెట్రోలు గాలి పొగతోపాటు బయటికి జారిపోతుంటుంది. అందుకని వాటి గొట్టం మధ్యలో లావై మళ్లీ సన్నబడుతుంది. లావయ్యే చోటు నుంచి లాగే కెరటం వస్తుంది. సన్నబడే చోటు నుంచి నెట్టే కెరటం వచ్చి జారిపోయిన పెట్రోలు గాలిని మళ్లీ సిలిండరులోకి తోస్తుంది. 1950లలో తూర్పు జర్మనీలో ఎం.జెడ్. కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఈ గొట్టాన్ని బాగా అభివృద్ధి చేశాడు. 1961లో ఆ కంపెనీ రేసు రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి పారిపోయి, ఆ రహస్యాలతో జపాను సుజుకీ కంపెనీలో చేరాడు. మరుసటి ఏడాదే, 1962లో, సుజుకీ బండి మీద 50 సి.సి. ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఒక గొట్టం ఆకారం దేశాల సరిహద్దు దాటిన రహస్యం అయిందంటే దాని విలువ ఎంతో చూడండి.

చేసి చూడండి

ఒకటి: ఒక సన్నటి స్ట్రా, ఒక బొప్పాయి కాడ, ఒక లావు పి.వి.సి. పైపు ముక్క తీసుకోండి. మూడూ ఒకే పొడవుండాలి. జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి ఒక్కొక్కదాంట్లోంచి ఊదండి. ఎందులో ఊపిరి కష్టమైంది, ఎందులో గాలి జోరు చేతికి తగల్లేదు, ఎందులో రెండూ సరిపోయాయి అన్నది రాసుకోండి.

రెండు: గ్లాసు నీళ్లలో ఒక స్ట్రా నిలబెట్టండి. దాని పై చివర మీదుగా ఇంకో స్ట్రాతో అడ్డంగా గట్టిగా ఊదండి. నీళ్లు పైకి ఎక్కుతాయి. జోరుగా పోయే గాలి పక్కదాన్ని లాగుతుందని అర్థమవుతుంది. ఒక సిలిండరు పొగ పక్క సిలిండరు పొగను లాగేది కూడా ఇలాగే. అందుకే గొట్టాలన్నీ ఎక్కడ కలవాలో లెక్క వేసి కలుపుతారు.

గుర్తుంచుకోవలసినవి

1. ఇరుకు గొట్టం అడ్డు, మరీ లావు గొట్టం నెమ్మది. పనికి తగ్గదే మంచిది.
2. చప్పుడు పెరగడం బలం పెరగడం కాదు.
3. బండి లాగకపోతే ముందు నొక్కులు, చిల్లులు, గ్యాస్కెట్, గాలి ఫిల్టరు చూడాలి. తరువాతే కొత్త ఖర్చు.
4. బండి లోపల పొగ వాసన వస్తే ఆ రోజే బాగుచేయించాలి.

మన ఇళ్లలో, మన ఊళ్లలో బండ్లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు మీ ఊరి బండి కిందకి ఒకసారి వంగి చూడండి. చల్లారిన తరువాతే సుమా, లేకపోతే చెయ్యి కాలుతుంది. ఏం చూశారో రాసి తెస్తే వచ్చే సంచికలో అందరం చదువుకుందాం. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సులో చేరాలనుకునే అన్నలకి, తమ్ముళ్లకి ఇది మొదటి పాఠంగా పనికొస్తుందని నా ఆశ.

ఒక ప్రశ్న ఇచ్చి ముగిస్తున్నాను. 796 సి.సి. ఇంజను 3000 చుట్ల దగ్గర, 40 మి.మీ. గొట్టంలో పొగ వేగం ఎంత? జవాబు తెచ్చినవాళ్ల పేర్లు వచ్చే సంచికలో ఇదే చోట రంగు స్కెచ్ పెన్నుతో రాస్తాను.

ఇట్లు,
మీ మిత్రుడు,
పదో తరగతి